ఒంతా టీ కప్పులు: ఏది లోపం, ఏది మంట పెట్టిన గుర్తు

అడిగింది ఇదీ. జపాన్‌లోని ఒంతా ఊరి టీ కప్పులు రెండు జతగా కొన్నారు. ఒకటి నీలి ఛాయ ఉన్న బూడిద రంగులో ఉంటే రెండోది మీగడ రంగులో ఉంది. రెండిటి మీదా చుక్కల వరసలున్నాయి. ఒకదాని కింద బల్ల మీద తడి వలయం పడుతోంది. లోపల సన్నటి గీతల్లోకి టీ రంగు దిగింది. అడుగు గరుగ్గా ఉండి బల్లను గీస్తోంది. ఇవి లోపాలా, నిజంగా కట్టెల బట్టీలో కాల్చినవేనా, ఇలాంటివి ఇక్కడ చేసుకోవచ్చా అన్నది ప్రశ్న.

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. రంగు తేడా లోపం కాదు, ఒకే గ్లేజుకు, అంటే కప్పు మీది గాజు పొరకు, మంట ఇచ్చిన రెండు ముఖాలు. గీతల్లో టీ రంగు పట్టడం మామూలే. తడి వలయాన్ని మాత్రం సరిచేసుకోవాలి. అందుకు బియ్యం కడిగిన నీళ్ళు చాలు. గరుకు అడుగుది పావుగంట పని.

ఒంతా క్యూషూ దీవిలో, ఓయితా ప్రిఫెక్చర్ హితా పట్టణానికి ఎగువన కొండల మధ్య ఉంది. 1705లో పొరుగునున్న కొయిషివరా నుంచి వచ్చిన కుమ్మరితో అక్కడ పని మొదలైంది. ఈనాటికీ ఆ ఊళ్ళోని కొద్ది కుటుంబాల వాళ్ళే చేస్తారు. జీతానికి పనివాళ్ళను పెట్టుకోరు, కరెంటు సారె వాడరు, కప్పు అడుగున చేసినవాళ్ళ పేరు వేయరు. ముద్ర ఉంటే ఊరి పేరే ఉంటుంది. కాబట్టి ఎవరైనా మీకు ‘ఫలానా ఉస్తాదు సంతకం ఉన్న ఒంతా కప్పు’ అని అమ్మబోతే రెండోసారి ఆలోచించండి. 1925లో ఆలోచనాపరుడు యనగి సోయెత్సు, కుమ్మరులు హమదా షోజి, కవాయ్ కంజిరో కలిసి ‘మింగెయి’ అన్న మాటను పుట్టించారు. మామూలు జనం మామూలు జనం కోసం చేసే కళ అని దాని భావం. యనగి 1931లో ఒంతా వెళ్ళి చూశాడు. 1954లో ఇంగ్లండు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ అక్కడే కొన్నాళ్ళుండి పని చేశాడు. 1995లో జపాన్ ప్రభుత్వం ఒంతా పనిని ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఇంత పేరు వచ్చాక కూడా అవి రోజూ తాగడానికి చేసే కప్పులే. అద్దాల బీరువాలో పెడితే వాటికి అన్యాయం చేసినట్టే.

మట్టి ఆ ఊరి కొండదే. గడ్డలుగా, రాళ్ళలా గట్టిగా ఉంటుంది. దాన్ని దంచేది ఏటి నీళ్ళు. పొడవాటి పైన్ దుంగకు ఒక కొసన తొట్టిలా తొలిచి, రెండో కొసన రోకలి బిగిస్తారు. కాలువ నీళ్ళు తొట్టిలోకి పడుతుంటే ఆ కొస బరువెక్కి కిందికి వాలుతుంది, రోకలి పైకి లేస్తుంది. తొట్టి వంగి నీళ్ళు ఒలికిపోగానే రోకలి ధభీమని గుంటలోని మట్టి మీద పడుతుంది. ఈ నీటి రోకలి పేరు కరాఉసు. రాత్రీ పగలూ దంచినా మట్టి పొడి కావడానికి రెండు వారాల నుంచి నెల దాకా పడుతుంది. ఆ పొడిని నీళ్ళలో కలిపి, జల్లెడ పట్టి, అడుగున దిగిన ఇసుకను వదిలేసి, పైన తేలిన మెత్తటి బురదను ఆరబెట్టి వాడతారు. మర మీద రుబ్బిన మట్టిలో రేణువులన్నీ ఒకే సైజుకు వస్తాయి. రోకలి కింద చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. కప్పు అడుగు మీద వేలు పెడితే తగిలే సన్నటి గరుకు ఇక్కడినుంచి వచ్చిందే. ఇనుము ఎక్కువున్న మట్టి కావడంతో కాలాక నల్లగానో, ముదురు గోధుమ రంగులోనో తేలుతుంది. తెల్లమట్టి పూత అవసరమయ్యేది అందుకే.

యునోమి అంటే చెవి లేని టీ కప్పు, వెడల్పు కంటే ఎత్తు కాస్త ఎక్కువ. సాధారణంగా 7 నుంచి 8 సెం.మీ. వెడల్పు, 8 నుంచి 9 సెం.మీ. ఎత్తు ఉండి 180 మి.లీ. అటూ ఇటూ పడుతుంది. యునోమికి 350 గ్రాముల పచ్చి మట్టి కావాలి. అడుగు చెక్కి, ఆరి, కాలేసరికి 200 గ్రాములకు కొంచెం పైన మిగులుతుంది. ఇలాంటి మట్టి మొత్తం మీద 12 నుంచి 15 శాతం కుదించుకుపోతుంది. అంటే 8 సెం.మీ. కప్పు కావాలంటే సారె మీద 9.3 సెం.మీ. తీయాలి. ఈ లెక్క తప్పితే అంచు పెదవికి ఇరుగ్గా తగులుతుంది.

కప్పును ఒక్కొక్క ఉండగా తీయరు. మన కుమ్మరులు పెద్ద ముద్దను సారె మీద నిలబెట్టి, పైనుంచి ఒక్కో ప్రమిద తీసి దారంతో కోస్తారు కదా, అదే పద్ధతి. ప్రతి కప్పుకూ లోతు, వెడల్పు ఒకేలా రావడానికి వెదురు పుల్లతో చేసిన చిన్న కొలబద్ద ఉంటుంది. నిలువు పుల్ల లోతుకు, అడ్డ పుల్ల వెడల్పుకు. దాని పేరు తొంబో, అంటే తూనీగ. చూస్తే రెక్కలు చాచిన తూనీగలాగే ఉంటుంది. చివర తడి తోలు ముక్కను అంచు మీద వేసి రెండు చుట్లు తిప్పి గుండ్రం చేస్తారు. పెదవికి తగిలేది ఆ రెండు చుట్ల పనే.

ఈ పద్ధతిలో ఎక్కువమంది దెబ్బతినేది అడుగు దగ్గర. విడి ఉండను సారెకు అదిమినప్పుడు అడుగు మట్టి గట్టిపడుతుంది. పెద్ద ముద్ద మీద తీసినప్పుడు ఆ ఒత్తిడి ఉండదు. గోడలు పైకి లాగడంలో మట్టి బిగుసుకుంటుంది కానీ అడుగు వదులుగానే మిగిలి, ఆరేటప్పుడు ఎక్కువ కుదించుకుని మధ్యలో పాములా మెలికతో చీలుతుంది. విరుగుడు రెండు పనులు: లోపలి అడుగును వేళ్ళతో బయటినుంచి మధ్యకు, మధ్యనుంచి బయటికి మూడు నాలుగుసార్లు గట్టిగా అదమాలి. కప్పు అంచు నిలబడే పాటి ఆరగానే బోర్లించి, అడుగు కూడా గోడతో సమంగా ఆరేలా చూడాలి. అడుగున నిలిచిన నీళ్ళను స్పాంజితో తీయకపోతే ఈ రెండూ చేసినా చీలుతుంది.

ఇక మీ కప్పుల మీదున్న చుక్కల వరసలు. వీటిని తొబికన్నా అంటారు, గెంతే రేకు అని అర్థం. కప్పు తోలంత గట్టిపడ్డాక మీద తెల్లమట్టి పూత పూస్తారు. పూత మీది తడి మెరుపు పోయి, వేలు పెడితే అంటని పదునుకు వచ్చాక సారె తిప్పుతూ, స్ప్రింగులా ఊగే పలుచటి ఉక్కు రేకు కొసను వదులుగా ఆనిస్తారు. పాత గడియారం స్ప్రింగు దీనికి బాగా పనికొస్తుంది. రేకు మట్టిని కొరికి, ఎగిరి, మళ్ళీ పడుతుంది. పడ్డ చోటల్లా తెల్ల పూత లేచి కింద నల్ల మట్టి కనిపిస్తుంది. చేత్తో ఒక్కో చుక్కా కొట్టరు, కొట్టినా ఆ వరస రాదు. సారె వేగం పెరిగితే చుక్కలు ఎడమవుతాయి. రేకును గట్టిగా పట్టుకుంటే ఎగరడం మానేసి గీత గీస్తుంది. మట్టి పచ్చిగా ఉంటే చుక్కల అంచులు పేస్టులా నలిగిపోతాయి, ఎండిపోతే పూత పెచ్చులుగా రాలుతుంది. సరైన పదునులో చిన్న చిన్న చిప్పలు పొడిగా ఎగిరి పడతాయి. ఆ పదును ఎండ, గాలిని బట్టి ఎంతో సేపు నిలవదు. మన వేసవిలో అయితే మరీను. మీ కప్పును వెలుతురుకు పక్కగా పట్టి చూడండి: ప్రతి చుక్కా ఒక కొసన లోతుగా, రెండో కొసన తేలికగా ఉంటుంది. రేకు పడింది ఒకవైపు, లేచింది ఇంకోవైపు. ప్రింటు వేసిన నకలులో ఈ లోతు తేడా ఉండదు, వేలికి కూడా తగలదు.

ఒంతాలో గ్లేజుకు ముందు విడిగా ఒకసారి కాల్చరు. పచ్చి కప్పుకే గ్లేజు పెట్టి ఒకే కాల్పులో తేలుస్తారు. కట్టెలు మిగులుతాయి, పూతా గ్లేజూ మట్టితో గట్టిగా అతుక్కుంటాయి. కానీ పచ్చి గోడ నీళ్ళు పీల్చుకుని మెత్తబడి కూలిపోవచ్చు. లోపల ముందు పోసి, ఒలకబోసి, పూర్తిగా ఆరాకే బయట ముంచడం క్షేమం. రెండువైపులా ఒకేసారి తడిస్తే అంచు దగ్గర చీలుతుంది.

బట్టీ పేరు నొబోరిగమ, కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఎక్కే గదుల బట్టీ. ఒంతాలో కొన్ని కుటుంబాలు కలిసి వాడుకునేదానికి ఎనిమిది గదులున్నాయి. కిందనున్న పొయ్యిలో పుట్టిన మంట మొదటి గది పైకప్పుకు తాకి, కిందికి దిగి, పాత్రల మధ్యగా దూరి, గోడ అడుగున ఉన్న కన్నాల్లోంచి పై గదిలోకి పోతుంది. కింది గది వదిలిన వేడే పై గదికి కాపు. అందుకే కింది గది సిద్ధమయ్యేసరికి పై గది అప్పటికే ఎర్రబడి ఉంటుంది. దానికి పక్క కన్నాల్లోంచి సన్నగా చీల్చిన కట్టెలు వేస్తే కొన్ని గంటల్లో 1250 డిగ్రీలు అందుకుంటుంది. హితా దేవదారు కలపకు పేరున్న ఊరు. కోత మిల్లుల్లో మిగిలిన దేవదారు పట్టీలే ఇక్కడ వంటచెరుకు. మొదటి కట్టె నుంచి ఆఖరి గది మూసేదాకా రెండు రోజులు దాటుతుంది.

కట్టె వేయడంలోనే ఒడుపంతా ఉంది. గుప్పెడు వేయగానే గదిలో గాలి చాలక నల్ల పొగ లేస్తుంది, చూపు కన్నంలోంచి మంట నాలుక బయటికి చాస్తుంది. అది క్రమంగా లోపలికి పోతుంది, పొగ తేటపడుతుంది. వేడి ఎక్కేది ఆ తేటపడే సమయంలోనే. నాలుక లోపలికి పోకముందే మళ్ళీ వేస్తే పొగే తప్ప వేడి పెరగదు. మరీ ఆలస్యం చేస్తే గాలి ఎక్కువై గ్లేజు రంగు మారుతుంది. తడి కట్టె అయితే దాని నీటిని ఆవిరి చేయడానికే చాలా వేడి పోతుంది.

మీ రెండు కప్పుల రంగు తేడాకు జవాబు ఇదే. పారదర్శక గ్లేజులో కట్టె బూడిద వల్ల కొంచెం ఇనుము ఉంటుంది. గాలి చాలని మంటలో ఆ ఇనుము నీలి, పచ్చ ఛాయకు తిరుగుతుంది. గాలి పుష్కలంగా అందితే పసుపు, మీగడ ఛాయ వస్తుంది. ఒకే రోజు, ఒకే బకెట్టులో ముంచిన కప్పులే మంట దారిలో ఒకటి, మూలన ఒకటి ఉంటే ఇలా తేలతాయి. బోర్లించి చూడండి: నీలి కప్పు అడుగు మట్టి బూడిద రంగులో, మీగడ కప్పుది ఎరుపు గోధుమలో ఉంటే అనుమానం అక్కర్లేదు. జత అంటే అచ్చు గుద్దినట్టు ఉండాలనుకునేవాళ్ళు ఈ తరహా కప్పులు కొనకపోవడమే మేలు.

అలాగని కట్టెల బట్టీకి రుజువుగా బూడిద మచ్చలను నమ్మకండి. బూడిద నీళ్ళు చల్లి గ్యాసు బట్టీలో కాల్చినా అలాంటి మచ్చలు వస్తాయి. పైగా నొబోరిగమ పై గదుల్లో సన్న కట్టెలే కాబట్టి గ్లేజు పాత్రల మీద బూడిద పెద్దగా పడదు. బూడిద కరిగి ధారలుగా కారడం జపాన్‌లోని బిజెన్ ఊరివి లాంటి గ్లేజు లేని, వారం పది రోజులు కాల్చే పాత్రల లక్షణం. ఇక్కడ చూడాల్సింది ఒకే కప్పులో ఒకవైపు నుంచి రెండోవైపుకు రంగు, మెరుపు మెల్లగా మారడం, అడుగు వలయం మీద ఒక పక్కనే నారింజ ఛాయ సోకడం. ఇవి కూడా నూటికి నూరుపాళ్ళు రుజువులు కావు. అమ్మినవాళ్ళు ఏ బట్టీలో కాల్చినదో చెప్పగలిగితే అదే మంచి రుజువు.

లోపలి సన్న గీతల వలకు జపనీసులో కన్న్యూ అని పేరు. చల్లబడేటప్పుడు గ్లేజు కింది మట్టి కంటే ఎక్కువ కుదించుకుంటే ఆ వల పడుతుంది. గోరు పెట్టి లాగితే గోరు ఆగదు. అసలైన పగులు వేరు: ఒకే గీత, తరచు అంచు నుంచి దిగుతుంది, లోపలా బయటా ఒకే చోట కనిపిస్తుంది, గోరు తట్టుకుంటుంది. కప్పును అరచేతిలో నిలబెట్టి గోటితో కొడితే ఖణేల్ మనకుండా మొద్దుగా పలుకుతుంది. బట్టీ పూర్తిగా చల్లారక ముందే తెరిచిన తొందరకు ఇలాంటి పగుళ్ళు పడతాయి. అలాంటి కప్పును వేడి టీకి వాడకండి. ఇంకొకటి, అరుదే కానీ ప్రమాదం: అంచు మీద గ్లేజు సన్న పెచ్చులుగా లేస్తుంటే, అంటే గ్లేజు మట్టి కంటే తక్కువ కుదించుకుంటే, ఆ పెచ్చులు గాజు ముక్కల్లాంటివి. దాన్ని వెనక్కి ఇచ్చేయండి.

తడి వలయం సంగతి. అడుగున గ్లేజు లేదు, మట్టి పూర్తిగా గాజు కట్టలేదు, లోపలి వల గీతల్లోంచి నీరు అక్కడిదాకా దిగుతోంది. గిన్నె అడుగున మడిచిన గుడ్డ వేసి, కప్పులు పెట్టి, బియ్యం మొదటిసారి కడిగిన చిక్కటి నీళ్ళు మునిగేలా పోయండి. కడుగు లేకపోతే లీటరు నీటికి రెండు చెంచాల బియ్యప్పిండి. చల్లటి నీళ్ళతోనే మొదలుపెట్టాలి. మరిగే నీళ్ళలో కప్పు వేస్తే పగులుతుంది. సన్న సెగ మీద 20 నుంచి 30 నిమిషాలు ఉడికించి, దించకుండా అందులోనే పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారేటప్పుడే గంజి సన్న రంధ్రాల్లోకి దిగుతుంది, తొందరపడి తీస్తే సగం పని వృథా. తర్వాత మామూలు నీళ్ళతో కడిగి, బోర్లించకుండా పక్కకు వాల్చి రెండు రోజులు ఆరబెట్టండి. నీళ్ళు నింపి రాత్రంతా పాత న్యూస్‌పేపరు మీద పెడితే ఫలితం తెలుస్తుంది. ఇంకా తడి ఉంటే మరోసారి. మూడుసార్లు చేసినా ధారగా కారుతుంటే అది సరిగ్గా కాలని కప్పు.

జపాన్‌లో వీటిలో పోసేది 70, 80 డిగ్రీల పచ్చ టీ. మనం పోసేది సలసల మరిగిన పాల టీ, అందులో చక్కెర. కప్పుకు ఇది కాస్త కష్టమే, వాడకూడదని కాదు. పోసే ముందు ప్రతిసారీ రెండు నిమిషాలు నీళ్ళలో ముంచి తీయండి. రంధ్రాల్లో నీరు ఉంటే పాలు దిగవు, వాసన పట్టదు. ముప్పావు దాకే నింపి, బొటనవేలు అంచు మీద, మిగతా వేళ్ళు అడుగు వలయం కింద పెట్టి పట్టుకుంటే చెవి లేని లోటు తెలియదు. తాగగానే కడగండి, తడిగా బీరువాలో పెట్టకండి, బూజు వాసన వస్తుంది. మైక్రోవేవు, డిష్‌వాషరు రెండూ వద్దు. మరకలు మరీ నచ్చకపోతే వంటసోడా నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. బ్లీచింగు పొడి గీతల్లో ఉండిపోతుంది, దాని జోలికి పోకండి. గరుకు అడుగుకు 400 నంబరు నీటి ఎమెరీ కాగితాన్ని తడిపి, గాజు పలక మీద పరిచి, కప్పును గుండ్రంగా రుద్దండి. పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక్కడ చేసుకోవడం గురించి. చెరువు మట్టితో కుదరదు. మన ఊరి ఆవంలో 800, 900 డిగ్రీలకు అది బ్రహ్మాండంగా కాలుతుంది కానీ 1250కి తీసుకెళ్తే పొంగి, కూలి, అరను పట్టుకుంటుంది. ఎక్కువ వేడికి ఓర్చే ఫైర్ క్లే, బాగా సాగే బాల్ క్లే కలిసిన స్టోన్‌వేర్ మట్టి కావాలి. ద్వారకా తిరుమల పరిసరాల్లో ఇలాంటి మట్టి నిక్షేపాలున్నాయి. తెల్ల పూతకు కయోలిన్ 50, బాల్ క్లే 30, ఫెల్డ్‌స్పార్ 10, క్వార్ట్జ్ 10 పాళ్ళు కలిపి దోసెల పిండి జారుకు తెచ్చుకోండి. పారదర్శక గ్లేజుకు ఫెల్డ్‌స్పార్ 6, కడిగిన కట్టె బూడిద 4 పాళ్ళతో మొదలుపెట్టి ముందు టెస్టు ముక్కల మీద చూడండి. ప్రతి బూడిదా ఒకలా ఉండదు. బూడిద కడిగిన నీళ్ళు చేతులను తినేస్తాయి, గ్లవుసులు తప్పవు. పాలలాంటి తెల్ల గ్లేజు కావాలంటే మన దగ్గర దొరికే సరుకే బంగారం: ఊక బూడిద, కట్టె బూడిద, ఫెల్డ్‌స్పార్ సమానంగా తీసుకోండి. హమదా తన ఊరు మషికోలో వాడిన నుకా గ్లేజు ఈ కుటుంబానిదే. రైసు మిల్లు ఊక బూడిద దాదాపుగా సిలికానే, కాబట్టి బాల్ మిల్లులో గంటల తరబడి నూరాలి, లేకపోతే ఇసుక చల్లినట్టు తేలుతుంది.

కొత్తవాళ్ళు ఒంతా వాళ్ళలా పచ్చి కప్పుకు గ్లేజు పెట్టే సాహసం చేయకుండా, 900 దగ్గర ఒకసారి కాల్చుకుంటే చాలా కప్పులు బతుకుతాయి. గ్యాసు బట్టీలో 950 దాటాక గాలి తగ్గించండి. అంతకుముందే తగ్గిస్తే మట్టిలో మసి చిక్కుకుని, పైన గ్లేజు మూసుకున్నాక బుడగలుగా ఉబ్బుతుంది. తగిన వేడి అందగానే వంగే మట్టి సూచిక, జపనీసు ఎస్‌కే 8 కోను, అంటే 1250 డిగ్రీలది, వంగాక ఆపి, తలుపు మాత్రం చేయి పెట్టగలిగే వేడికి దిగేదాకా తెరవకండి. కట్టెలతోనే కాల్చాలనుంటే పుదుచ్చేరిలో 1971 నుంచి నడుస్తున్న గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని చూడండి. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన డెబోరా స్మిత్ బిజెన్‌లో పని నేర్చుకున్నారు. అక్కడ కాల్చే సరుగుడు మన కోస్తాలో కావలసినంత ఉంది.

రాగితో వచ్చే పచ్చ గ్లేజు కప్పు చేసినా, కొన్నా, వాడే ముందు లోపల ఒక నిమ్మచెక్క రాత్రంతా ఉంచి చూడండి. పొద్దున ఆ చోట రంగు వెలిసి ఉంటే అందులో నిమ్మకాయ టీ, మజ్జిగ పోయకండి. పువ్వులు పెట్టుకోండి.